అత్త గిటార్‌కి మామయ్య పెట్టిన లెవెల్

అద్దం పగలడం వేరు, విరవడం వేరు. ఆ తేడా తెలియాలంటే మా మేనత్త కొట్టు ముందు ఒక పూట నిలబడాలి. తలుపంత అద్దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, కట్టర్‌తో సర్రుమని ఒకే ఒక్క గీత గీస్తుంది. అంచుదాకా జరిపి బొటనవేళ్ళతో చిన్నగా నొక్కుతుంది. టిక్! రెండు ముక్కలు. ఒకసారి ఆవిడ తుమ్మితే గోడకి ఆనించిన అద్దం సరిగ్గా కావలసిన కొలతకి విరిగిందని నేను ఊరంతా చెప్పాను. సగం మంది నమ్మారు. మిగతా సగం మంది ఆ కొలత ఎంతో అడిగారు.

ఆ చేతులే గిటార్ వాయిస్తాయి. ఇది మాత్రం నేను అల్లింది కాదు.

ఈ పిచ్చి ఆవిడకి ఒక కిటికీలోంచి పట్టింది. పెళ్ళైన కొత్తలో ఒక సంగీతం క్లాసు కిటికీకి అద్దం వేయడానికి మామయ్యతో కలిసి వెళ్ళిందట. లోపల ఎవరో గిటార్ నేర్పుతున్నారు. బయట నిచ్చెన మీద అత్త. ఆ ఒక్క అద్దానికి మధ్యాహ్నమంతా పట్టింది. రబ్బరు పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం.

"ఏమైందే, కొలత తప్పిందా?" అని మామయ్య కింద నుంచి కేకేస్తే, "కొలత బాగానే ఉందండీ, పాఠమే ఇంకా అవలేదు" అందట.

మామయ్య గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఊళ్ళో ఆయనకి లెవెల్ మామయ్య అని పేరు. ఆయన కిటికీలు బిగిస్తాడు, అత్త అద్దాలు కోస్తుంది, ఇద్దరిదీ ఒకటే కొట్టు. మామూలు మగాళ్ళ జేబులో దువ్వెన ఉన్నట్టు ఈయన జేబులో ఎప్పుడూ జానెడు స్పిరిట్ లెవెల్, అదే వంకర పట్టే బుడగ పట్టీ, ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగేలోపు గోడ మీది ఫొటోలన్నీ సరిచేస్తాడు. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళి, నోట్లో థర్మామీటర్‌తోనే లేచి క్యాలెండర్ సర్దొచ్చిన మనిషి. కుక్క తోక వంకర అని లోకమంతా ఒప్పుకుని ఊరుకుందా? మామయ్య ఊరుకోలేదు. వీధి కుక్క తోకకి ఒకవైపు లెవెల్, ఒకవైపు చెక్కపట్టీ పెట్టి కట్టాడు. ఆ కుక్క ఇప్పటికీ నిటారు తోకతో తిరుగుతోంది. కావాలంటే వచ్చి చూడండి. మీరు వచ్చేసరికి అది ఎటైనా వెళ్ళి ఉంటే నా పూచీ లేదు.

అత్త మొదటి గిటార్ మా నాన్నది. ఆయన కుర్రతనంలో సరదాపడి కొని అటకెక్కించిన చెక్క గిటార్. "తీసుకోవే, కనీసం ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని నిద్రలేపండి" అని చెల్లెలికి ఇచ్చేశాడు. ఫోన్‌లో పాఠాలు చూస్తూ, కొట్టులో గిరాకీ లేని మధ్యాహ్నాలు అత్త నేర్చుకుంది. నేర్చుకోవడం బాగానే నేర్చుకుంది. చిక్కల్లా గిటార్ తలతోనే వచ్చింది.

పాత గిటార్‌ని మీరు చూసే ఉంటారు. బారెడు మెడ, దాని చివర శ్రుతి బిరడాలు గుచ్చిన జానెడు తల. పార్కులో వాయిస్తే పర్వాలేదు. మా కొట్టు వెనక గదిలో చుట్టూ నిలబెట్టిన అద్దాలు. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగే చోటు. ఒకరోజు అత్త మంచి ఊపులో వాయిస్తుంటే గుమ్మం దగ్గర ఎవరో "అమ్మా, వెంటిలేటర్ అద్దం ఉందా?" అన్నారు. అత్త తిరిగింది. గిటార్ తల కూడా తిరిగింది. బ్యూటీ పార్లర్ కోసం సిద్ధంచేసిన నిలువుటద్దం ఒక్కటిగా ఉన్నది వెయ్యి చిన్న అద్దాలైంది. వెయ్యింటిలోనూ మామయ్య మొహమే కనబడింది.

"తలున్న గిటార్ ఇక నా కొట్టులోకి రాకూడదు!" అన్నాడు మామయ్య.

కోపంలో అన్న మాట. కానీ మా అత్త మాటని అద్దంలా కోసి, తనకి కావలసిన ముక్క తీసుకునే రకం. రెండ్రోజులు ఆలోచించింది. మూడో రోజు నన్ను పిలిచింది.

"ఒరేయ్, తలున్నది రాకూడదన్నారు కదా మీ మామయ్య. మరి తల లేనిది ఉంటుందేమో చూడరా."

కాలేజీకి నా వల్ల ఏ ఇబ్బందీ కలగకూడదని మధ్యలోనే బయటికొచ్చేసిన దయామయుణ్ణి నేను. అందువల్ల నా దగ్గర తీరికకి లోటు లేదు. ఊళ్ళో ఉన్న వాయిద్యాల షాపులన్నీ గాలించాను. చివరికి ఒక షాపులో, డ్రమ్ముల వెనక, దుమ్ము పట్టిన అట్టపెట్టెలో దొరికింది. అత్తని వెంటబెట్టుకుని వెళ్ళాను.

షాపాయన దాన్ని బయటికి తీస్తూ మొహం చిట్లించాడు. "చూడండమ్మా, తర్వాత నన్ననకండి. దీనికి తల లేదు. మెట్లు వంకర. ఇద్దరు కొని ఇద్దరూ వెనక్కి తెచ్చారు. మూడోసారి నేను తీసుకోను."

నాకైతే నవ్వాగలేదు. అది గిటార్‌లాగే లేదు. మెడ ఉంది, మెడ చివర మొండిగా తెగిపోయింది. బిరడాలన్నీ కిందికి, తీగల్ని ఒంటికి బిగించే బ్రిడ్జి దగ్గరికి దిగిపోయాయి. ఒళ్ళు ఎవరో నాలుగు వైపులా కొరికి వదిలేసిన బిస్కెట్‌లా ఉంది. మెడ మీది ఇనప మెట్లు, అవే ఫ్రెట్లు, నిచ్చెన మెట్లలా అడ్డంగా లేవు. విసనకర్ర పుల్లల్లా ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా విచ్చుకున్నాయి. మెడ అంచున చిన్న చిన్న ఎర్ర దీపాలు. ఒంట్లోనే స్పీకర్. ఫోన్‌కి పెట్టే చార్జరే దీనికీ పెట్టాలట. ఒక మీట నొక్కితే, మీటిన స్వరం మనం ఆపేదాకా అలా మోగుతూనే ఉంటుందట.

"తలా తోకా లేని గిటార్ అంటే ఇదే అత్తా!" అన్నాను.

అత్త నా మాట వినడం లేదు. గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద పరిచింది. ఆవిడ చిటికెన వేలు ఎప్పుడో అద్దం కోసుకుని కాస్త బిగుసుకుపోయింది. పాత గిటార్ మీద ఆ వేలు చాపలేక తిప్పలు పడేది. ఇక్కడ వేళ్ళు సహజంగా ఎలా విచ్చుకుంటాయో మెట్లు కూడా అలాగే విచ్చుకున్నాయి. వేలు వెళ్ళి మెట్టు మీద కూర్చుంది, ఇంటికొచ్చినట్టు.

"ఒరేయ్... ఇది నా చెయ్యి చూసి చేసినట్టుందిరా!"

ఆవిడ గొంతులో ఆ ఉత్సాహం విని షాపాయనకి కూడా నవ్వొచ్చింది. స్నానాలగది వెంటిలేటర్ ధరకే వచ్చింది. ఇంటికి బస్సులో తెచ్చాం. పాత గిటార్ బస్సెక్కితే దాని తల నలుగురిని పొడిచేది. ఇది అత్త చంకలో గొడుగులా ఒదిగిపోయింది. కండక్టర్ అది గిటార్ అంటే నమ్మలేదు. అత్త అక్కడే మీటి వినిపించింది. బస్సు బస్సంతా స్టాపుల్లో దిగడం మర్చిపోయి చివరిదాకా వచ్చారని చెబుతాను గానీ, నిజానికి ఒక ముసలాయన మర్చిపోయాడు. అదీ ఆయన నిద్రపోవడం వల్ల.

మామయ్య గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తల కోసం వెతికాడు. లేదు. ఆయన మాట ఆయనకే అడ్డమొచ్చింది.

"కానీ ఇదేమిటే, మెట్లన్నీ ఏటవాలుగా ఉన్నాయి?"

"అది అలాగే ఉంటుందండీ."

"చవకలో వచ్చింది, అంతే మరి," అని జాలిగా తల ఊపాడు. ఆ జాలి మాకు తర్వాత ఎంత పని పెట్టిందో చూడండి.

ఆ రోజు నుంచి మా కొట్టు మధ్యాహ్నాలు మారిపోయాయి. మెడ మీద ఎర్ర దీపాలు మినుకుమంటుంటే అత్త అద్దాల మధ్య నిలబడి వాయించేది. ఎటు తిరిగినా భయం లేదు. తల లేదు కదా! ఎదుటి అద్దంలో ఒక అత్త, పక్క అద్దంలో ఒక అత్త, వెనక అద్దాల్లో ఇంకెందరో అత్తలు. ఒక్కదానికి పది మంది బృందం. ఇంకో విచిత్రం కూడా ఉంది. గోడవారగా నిలబెట్టిన పెద్ద అద్దం ఒకటి, దుకాణాల షోకేసులకి వేసే రకం, బరువెక్కువని ఎవరూ కొనకుండా అక్కడే ఉండిపోయింది. అత్త లావు తీగ మీద పైమెట్లలో ఒక స్వరం మీటితే ఆ అద్దం 'మ్‌మ్' అని తనూ పలికేది. చెయ్యి పెడితే అరచేతికి జివ్వుమనేది. దాన్నే అత్త తన మొదటి శ్రోత అనేది. నిజానికి ఆ అద్దం, నేను, మామయ్య తప్ప ఆవిడ పాట పూర్తిగా విన్నవాళ్ళు లేరు.

ఒకరోజు డ్రమ్ముల మేష్టారు కిటికీ అద్దం కోసం వచ్చేదాకా.

ఆయన వారమంతా నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. ఆదివారం పార్కు వేదిక మీద డ్రమ్ములు వాయిస్తాడు. ఆయనదే ఆదివారం బ్యాండు. ఊరు ఊరంతా వచ్చి గడ్డిలో కూర్చుని వింటుంది. ఆయన వచ్చేసరికి అత్త వెనక గదిలో వాయిస్తోంది. ఆయన అద్దం సంగతి మర్చిపోయి కౌంటర్ చెక్క మీద వేళ్ళతో దరువేస్తూ నిలబడ్డాడు.

"ఎవరండీ లోపల?"

"మా ఆవిడ," అన్నాడు మామయ్య. ఛాతీ ఎంత ఉబ్బిందంటే లెవెల్ జేబులోంచి జారిపడింది.

మేష్టారు అత్తతో సూటిగా చెప్పాడు. బ్యాండులో గిటార్ వాయించే ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆ చోటుకి ఇంకో కుర్రాడు కూడా ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పార్కు వేదిక మీద ఇద్దరినీ వింటాడు. ఒకరిని తీసుకుంటాడు. "ఇక చోటు నిండిపోతుందమ్మా. మళ్ళీ ఎప్పటికి ఖాళీ అవుతుందో నేను చెప్పలేను. మా బ్యాండులో ఎవరూ ఊరికే వదలరు."

అత్త ఆ వారమంతా నేల మీద నడవలేదు. అద్దం కోస్తూ పాట, లెక్క కడుతూ పాట. ఒక కస్టమర్‌కి కొలత చెప్పబోయి స్వరం చెప్పింది. "మనుషులు వింటార్రా! పలకరిస్తే పలికే మనుషులు!" అని నన్ను భుజం పట్టి ఊపేసింది. ఆవిడకి కావలసింది పేరు కాదు, వేదిక కూడా కాదు. ఇన్నాళ్ళూ అద్దాలతో ఒంటరిగా వాయించింది. పక్కన ఇంకో మనిషి తాళం వేస్తుంటే వాయించడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని.

శనివారం అత్తా నేనూ ఒక ఇంటికి అద్దాలు దింపడానికి వెళ్ళాం. కొట్టులో మామయ్య ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద గిటార్ ఉంది.

ఆదివారం ఉదయం కొట్టు తెరిచి అత్త గిటార్ చేతిలోకి తీసుకుంది. తీగలన్నీ శ్రుతి తప్పి ఉన్నాయి. "రాత్రి చల్లగా ఉంది కదా, అందుకేనేమో" అనుకుంటూ బిరడాలు తిప్పి సరిచేసింది. వేలు పెట్టకుండా మీటితే బాగానే ఉంది. మెట్ల మీద వేలు పెట్టింది. చెవికి ఏదో పుల్లగా తగిలింది. పైకి వెళ్ళింది. ఇంకా పులుపు. లావు తీగ మీద తన అలవాటు స్వరం దగ్గరికి వెళ్ళి గట్టిగా మీటింది.

షోకేసు అద్దం పలకలేదు.

మళ్ళీ మీటింది. అద్దం మూగగా నిలబడింది.

అత్త గిటార్‌ని వెలుగులోకి వంచి చూసింది. నేనూ చూశాను. ఈ గిటార్‌కి బ్రిడ్జి ఒకే ముక్క కాదు. ఒక్కో తీగకి ఒక్కో చిన్న ఇనప ముక్క, విడివిడిగా స్క్రూలతో బిగించి ఉంటుంది. మెట్లలాగే అవీ ఏటవాలుగా ఉండేవి. ఇప్పుడు ఆరూ బడిపిల్లల్లా తిన్నగా ఒకే వరసలో నిలబడి ఉన్నాయి.

"ఏవండీ!"

మామయ్య ముందు గదిలోంచి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "చూసేశావా? నువ్వు వాయించేటప్పుడు నీకే తెలుస్తుందని చెప్పలేదు."

"ఏం చేశారు?"

"ఫ్యాక్టరీవాడు కళ్ళు మూసుకుని బిగించాడే! ఒక్క ముక్కా వరసలో లేదు. నలుగురిలో నువ్వు వంకర గిటార్‌తో నిలబడితే నాకేం మర్యాద? మూలమట్టం పెట్టి, గీత గీసి, అన్నీ వరసకి తెచ్చా. పాత రంధ్రాలకి పుట్టీ పెట్టి, రంగు కలిపి, పాలిష్ కొట్టా. వేలుపెట్టి చూడు, ఎక్కడైనా తగుల్తుందా?"

తగల్లేదు. అదే మా ఖర్మ. ఎంత బాగా పూడ్చాడంటే పాత చోటేదో దేవుడికి కూడా తెలియదు.

"మెట్లు కూడా వంకరే," అన్నాడు ఇంకా ఉత్సాహంగా. "అవి చెక్కలోకి దిగి ఉన్నాయి. నీ కచేరీ అయ్యాక తీరిగ్గా పీకుదామని..."

అత్త కేక వేయలేదు. సిలికాన్ డబ్బాల పెట్టె మీద కూర్చుండిపోయింది. ఒళ్ళో గిటార్. పక్కనే మూగ అద్దం. అది చూసి మామయ్య మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

"బాలేదా?"

"ఇది వంకర కాదండీ," అంది మెల్లగా.

"నాన్న గిటార్ తెచ్చేదా అత్తా?" అన్నాను. ఆవిడ తన చిటికెన వేలు చూపించింది. అడగడం దండగ.

"మేష్టారికి జరిగింది చెబుదాం," అన్నాడు మామయ్య. "నేను చెబుతా. తప్పు నాది అంటా."

"చెబితే ఏమంటారు? ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేనైనా అంతే అంటాను."

ఆవిడ ఒక్కో తీగనీ మెట్లదాకా వేలితో తడిమి చూసింది. తర్వాత అత్త తల పైకెత్తి మామయ్యని అడిగింది. "పక్కింటి కిటికీకి కొలిచిన అద్దం మనింటి కిటికీకి పడుతుందా?"

"ఎలా పడుతుందే?"

"ఈ లావు తీగది పెద్ద కిటికీ. ఈ సన్న తీగది చిన్న కిటికీ. ఒక్కో తీగకి ఒక్కో పొడవు. దానికి తగ్గట్టే మెట్లు వేశాడు. మీరు అన్ని తీగలకీ సన్న తీగ కొలతే పెట్టేశారు."

మామయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకెవరు ఏ భాషలో చెప్పినా ఆయనకి ఎక్కేది కాదు. కిటికీ అనేసరికి ఎక్కింది. గిటార్‌ని లాక్కుని మెడ వెంబడి ఒంటి కన్నుతో చూశాడు.

"అయితే... ఆరు కిటికీలా ఇవి!"

"ఆరు కిటికీలే!"

"మరి కొలతేదీ? పాత రంధ్రాలు పూడ్చేశానే! ఎక్కడని బిగించను?"

"కొలత గిటార్ మీదే ఉందండీ. పన్నెండో మెట్టు తీగకి సరిగ్గా సగం. ఈ మొదలు నుంచి ఆ మెట్టుదాకా ఎంతుందో, మెట్టు నుంచి ఇటు మళ్ళీ అంతే ఉండాలి. తీగ తీగకీ విడిగా."

"టేపు!" అని అరిచాడు మామయ్య. నేను టేపు అందుకునేలోపు ఆయన జేబులోంచే తీశాడు.

ఇక చూడాలి మా కొట్టు! అత్త తీగ పట్టుకుని కొలత చదువుతోంది. మామయ్య అద్దం మీద గుర్తులు పెట్టే పెన్సిల్‌తో చుక్క పెడుతున్నాడు. నేను కొట్టు ముందు నిలబడి వచ్చినవాళ్ళని పంపించేస్తున్నాను. "ఇవాళ అద్దాలు లేవు, ఆపరేషన్ జరుగుతోంది." ఒకావిడ లోపల ఎవరికో ఏదో అయిందనుకుని పండ్లు కూడా తెచ్చింది. పండ్లు నేను తిన్నాను.

ఆరు తీగలకీ చుక్కలు పెట్టాడు మామయ్య. వెనక్కి జరిగి చూశాడు. చుక్కలన్నీ ఏటవాలుగా ఒక చక్కని గీతలో పడ్డాయి. సన్న తీగ ముక్క ఒక్కటే తన చోటు నుంచి కదల్లేదు. మిగతావన్నీ ఒకదానికంటే ఒకటి ఎక్కువగా వెనక్కి పోవాలి. ఆయన లావు తీగ చుక్క వెనక గోటితో గీకాడు. పాలిష్ లేచింది. పుట్టీ రాలింది. కింద పాత రంధ్రం, బావిలోంచి చూస్తున్న కన్నులా.

"ఇక్కడే ఉందే!" అన్నాడు మామయ్య. చిన్నపిల్లాడికి పోయిన గోళీ దొరికినట్టు అరిచాడు. "ఓసినీ! వాడు కళ్ళు మూసుకుని బిగించలేదే! ఇంత సన్నగా కొలిచాడా! ఇంత చవక గిటార్‌కి!"

"మీ పనికంటే బాగుందా?" అంది అత్త.

"నా పనంత బాగుంది," అన్నాడు. మామయ్య నోట అంతకు మించిన పొగడ్త రాదు.

పాత రంధ్రాలు తవ్వాడు. ముక్కలు మళ్ళీ బిగించాడు. తను కొత్తగా వేసిన రంధ్రాల వరస మాత్రం గిటార్ ఒంటి మీద అలాగే నోళ్ళు తెరుచుకుని ఉండిపోయింది. పుట్టీ డబ్బా అందుకోబోతే అత్త ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"దాని జోలికి పోకండి. ఉండనివ్వండి."

శ్రుతి చేసింది. వేళ్ళు పరిచింది. మెట్ల మీద పైకి పైకి వెళ్ళి, లావు తీగ మీద ఆ స్వరం మీటింది.

మ్‌మ్‌మ్...

షోకేసు అద్దం పలికింది! మామయ్య పరిగెత్తుకెళ్ళి రెండు చేతులూ అద్దానికి ఆనించాడు. "జివ్వుమంటోందే! జివ్వుమంటోంది!" ఆ మూలనుంచి ఈ మూలదాకా కొట్టులో అద్దాలన్నీ లేచి చప్పట్లు కొట్టాయని నేను చెబుతాను. వద్దనడానికి మీరు అక్కడ లేరు కదా.

పార్కుకి వెళ్ళేసరికి రెండో కుర్రాడు వేదిక మీదున్నాడు. వాడి పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరూ జులపాలు అనే పిలుస్తారు. భుజాల దాకా జుట్టు, మెరిసే పాతరకం గిటార్, ఖరీదైనది. అబద్ధమెందుకు, బాగా వాయించాడు. నా కాలు కూడా నన్ను అడక్కుండా ఊగింది. కానీ ఆ వేదిక చిన్నది. మంచి ఊపులో వాడు పక్కకి తిరిగాడు. వాడి గిటార్ తల వెళ్ళి మేష్టారి డ్రమ్ముల మీది ఇత్తడి తాళం పళ్ళేనికి తగిలింది. టంగ్! పాట ఆగలేదు గానీ మేష్టారి కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. నేను మామయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. నిలువుటద్దం ఇద్దరికీ గుర్తొచ్చింది.

తర్వాత అత్త ఎక్కింది. చంకలోంచి గిటార్ తీసేసరికి గడ్డిలో కూర్చున్నవాళ్ళు ఫక్కుమన్నారు.

"తల ఏదమ్మా దీనికి?" అన్నాడు మేష్టారు.

"వాయించేవాళ్ళకి ఉందండీ."

ఈసారి నవ్వు అత్త వైపు నుంచి పుట్టి గడ్డిలోకి పాకింది. మేష్టారు ముందుకు వంగి చూశాడు. "మరి ఈ రంధ్రాలేమిటి?"

అత్త మామయ్య వైపు చూసింది. మామయ్య తన చెప్పుల్ని పరిశీలిస్తున్నాడు.

"అవి ఈ గిటార్‌కే ప్రత్యేకమండీ. మా ఇంట్లో తప్ప ఎక్కడా దొరకవు."

దీపాలు వెలిగించింది. పట్టపగలు ఎర్ర చుక్కలు మెడ వెంట పరిగెత్తాయి. వాయించడం మొదలుపెట్టింది. మొదట్లో చేతులు బిగుసుకుని ఉన్నాయి, నాకు తెలుస్తోంది. ఎదురుగా అద్దాలు లేవు, మొహాలున్నాయి. పక్కనే మేష్టారు డ్రమ్ముల వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జులపాలు వాయించినప్పుడు కూడా అలాగే కట్టుకున్నాడు.

అత్త కళ్ళు మూసుకుంది. లావు తీగ మీదికి వచ్చింది. మెట్టు మెట్టుగా పైకి. మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు, ఇప్పటికీ ఆ గుర్తు ఉంది. ఆ స్వరం దగ్గరికి వచ్చి మీటి, మీట నొక్కింది. స్వరం ఆగలేదు. పార్కంతా నిండుతూ సాగింది.

అప్పుడు వేదిక మీద ఇంకేదో గరగరమంది. మేష్టారి ముందున్న చిన్న డ్రమ్ము. ఎవరూ ముట్టుకోలేదు. దాని అడుగున బిగించిన సన్న తీగలు అత్త స్వరానికి వాటంతట అవే పలుకుతున్నాయి, అచ్చం మా కొట్టులో అద్దంలాగే. అత్త కళ్ళు తెరిచి ఆ డ్రమ్ము వైపు చూసింది. మేష్టారు కూడా దాని వైపు చూశాడు. చేతులు విప్పాడు. పుల్లలు తీసుకున్నాడు.

ధన్! అని పడింది మొదటి దెబ్బ.

ఇక ఆపేదెవరు? ఆయన కొడితే ఆవిడ అందుకోవడం, ఆవిడ మెలికపెడితే ఆయన విప్పడం. అత్త మొహం చూడాలి! వేదిక మీద అటు తిరిగింది, ఇటు తిరిగింది, గిర్రున చుట్టూ తిరిగింది. దేనికీ తగల్లేదు. గడ్డిలో కూర్చున్నవాళ్ళు లేచారు. జులపాలు కూడా తల ఊపడం మొదలుపెట్టాడు, వాడి జుట్టు నా కళ్ళలో పడింది. పార్కులో చెట్ల మీది పక్షులు ఎగిరిపోకుండా బారులు తీరాయి. తీరాయంటే తీరాయి.

పాట అయ్యాక మేష్టారు చెమట తుడుచుకుంటూ అన్నాడు. "వచ్చే ఆదివారం ముందుగా రండమ్మా. ఈ పాటకి ముగింపు కుదరలేదు, కుదర్చాలి."

అత్త గిటార్‌ని గుండెకి హత్తుకుని గట్టిగా తల ఊపింది. మామయ్య వేదిక ఎక్కేశాడు. ఎక్కినవాడు అత్త దగ్గరికి కదా వెళ్ళాలి? మధ్యలో ఆగిపోయాడు. వేదిక వెనక బ్యాండు పేరున్న గుడ్డ కట్టి ఉంది. ఎడమవైపు బెత్తెడు కిందికి దిగి, ఏటవాలుగా ఉంది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. లెవెల్ సగం బయటికొచ్చింది.

అత్త ఆయన వైపు చూసింది.

మామయ్య ఆ గుడ్డని చూశాడు, గిటార్ మీది తన రంధ్రాలని చూశాడు. గట్టిగా ఊపిరి తీసుకుని లెవెల్ మళ్ళీ జేబులో పెట్టేశాడు. "అది అలాగే ఉండాలేమోలే," అన్నాడు పెద్దమనసుతో.

ఆ మాట పూర్తయ్యేలోపు గుడ్డ ఎడమవైపు తాడు తెగింది. గుడ్డంతా వచ్చి మేష్టారి మీద, డ్రమ్ముల మీద, ఇత్తడి తాళం మీద పడింది. లోపల్నుంచి టంగ్, ధన్, గరగర!

"దీనికి మాత్రం లెవెల్ కావాలే!" అని మామయ్య అరిచిన అరుపులో ఎంత సంబరం! నిచ్చెన కోసం పరిగెత్తాడు. అత్త పడీ పడీ నవ్వుతూ, ఒక చేత్తో గుడ్డ కింద మేష్టారిని వెతుకుతూ, రెండో చేత్తో గిటార్‌ని పైకెత్తి పట్టుకుంది. ఎర్ర దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.